కబడ్డీ పట్టు: తప్పు ఎప్పుడు, శిక్ష ఎంత

కూతకు వచ్చిన ఆటగాణ్ణి మధ్యగీత తాకనివ్వకుండా ఆపడమే కబడ్డీలో పట్టు. అతని కూత తెగేవరకో, రైడ్‌కు ఇచ్చిన 30 సెకన్లు గడిచేవరకో ఆ పట్టు నిలవాలి. ఏడుగురు కలిసి ఒక్కణ్ణి ఆపవచ్చు, కిందపడేయవచ్చు, మీదపడి అదిమిపెట్టవచ్చు. బలం వాడడం ఇక్కడ ఆటలో భాగం. అందువల్ల ఒక పట్టు వివాదమైనప్పుడు తేల్చవలసింది ఒక్కటే: వాడిన బలం ఆటకు చెందినదా, దానికి బయటిదా?

కృష్ణా డెల్టాలో ఈ ప్రశ్న ఏటా సంక్రాంతికి లేస్తుంది. కోతలయ్యాక ఊళ్లలో ఫ్లడ్‌లైట్ల కింద జరిగే పోటీల్లోనూ, విజయవాడలో గవర్నర్‌పేట, లబ్బీపేట చుట్టుపక్కల స్కూలు, కాలేజీ మైదానాల్లోనూ మోకాలు పట్టుకుని కూలబడ్డ రైడర్ చుట్టూ రెండు జట్లూ, జనమూ చేరి వాదించుకోవడం కొత్త కాదు. 2023 డిసెంబరు 26న మొదలై 2024 ఫిబ్రవరి 13న విశాఖపట్నంలో ముగిసిన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీల్లో కబడ్డీ కూడా ఉంది. గ్రామ, వార్డు సచివాలయాల స్థాయి నుంచి జరిగిన ఆ పోటీలు 15 ఏళ్లు దాటినవాళ్లందరినీ కోర్టులోకి రమ్మన్నాయి. శిక్షణ లేనివాళ్లు, వయసులో తేడాలున్నవాళ్లు ఒకే చోట ఆడేటప్పుడు పట్టు మంచిచెడ్డలు తేల్చే పని మరింత బరువైనది. ఇదే ప్రశ్న రగ్బీ లీగ్‌లో వందేళ్లకు పైగా నలుగుతోంది. అక్కడి అనుభవం కబడ్డీకి చాలావరకు పనికొస్తుంది, అంతా కాదు.

నియమాల పుస్తకం చెప్పేది

కబడ్డీ నియమాలు మొదట చూసేది చేతులు ఎక్కడ పడ్డాయన్నది. రైడర్‌నైనా డిఫెండర్‌నైనా కాళ్లు, చేతులు, మొండెం ఇవి తప్ప మరెక్కడా పట్టుకోకూడదు. జుట్టు పట్టుకోవడం, బనియను లాగడం చెల్లదు. కూత ఆపించాలని నోరు మూయడం, గొంతు నొక్కడం, రెండు కాళ్లతో కత్తెర వేసి బిగించడం స్పష్టంగా నిషిద్ధం. ఒంటికి నూనె రాసుకోకూడదని, గోళ్లు కత్తిరించుకుని రావాలని ఉన్న నిబంధనలు కూడా ఇదే కోవలోవి. పట్టు న్యాయంగా సాగడానికి కావలసిన షరతులవి.

ఈ హద్దులు దాటితే రెండు వేర్వేరు పర్యవసానాలు ఉంటాయి. మొదటిది ఆ రైడ్‌కు సంబంధించినది: చెల్లని పద్ధతిలో ఆపితే రైడర్ అవుట్ కాడు. రెండోది క్రమశిక్షణకు సంబంధించినది: రిఫరీ, అంపైర్లు హెచ్చరించవచ్చు, ఎదుటి జట్టుకు పాయింటు ఇవ్వవచ్చు, ఆటగాణ్ణి కొంతసేపు పక్కన కూర్చోబెట్టవచ్చు, పూర్తిగా పంపించేయవచ్చు. ఆకుపచ్చ కార్డు హెచ్చరిక. పసుపు కార్డు వస్తే రెండు నిమిషాలు కోర్టు బయట ఉండాలి, అంతసేపూ జట్టు ఒకరు తక్కువగా ఆడాలి. ఎరుపు కార్డుతో ఆ మ్యాచ్‌లో అతని ఆట ముగిసినట్టే. రెండోసారి ఆకుపచ్చ చూపిస్తే అది పసుపు అవుతుంది, రెండోసారి పసుపు ఎరుపు అవుతుంది.

ఈ రెండు పర్యవసానాలను కలిపేయడంతోనే సగం వివాదాలు పుడుతున్నాయి. రైడర్ అవుట్ కాలేదని ప్రకటిస్తే ‘ఇక కార్డు ఎందుకు’ అని ఒక పక్షం అంటుంది. కార్డు ఇవ్వకపోతే ‘అంటే పట్టు సరైనదేనా’ అని రెండో పక్షం నిలదీస్తుంది. రెండూ పొరపాటు వాదనలే. బనియను చేతికి చిక్కి రైడర్ ఆగిపోతే అతనికి జరిగిన నష్టం పూడ్చాలి, అంతవరకే. పట్టినవాడి తప్పులో ప్రమాదం గానీ దురుద్దేశం గానీ లేదు. గొంతు నొక్కిన సందర్భం వేరు. రైడర్ తప్పించుకుని గీత చేరి పాయింటు తెచ్చుకున్నా సరే, నొక్కినవాడికి కార్డు చూపాల్సిందే.

నిషేధాల్లో మిగిలిన ముఖ్యమైనది ‘గాయానికి దారితీసే హింసాత్మక పట్టు’. మిగతా నిషేధాలు కంటికి కనిపించే చేష్టలు. గొంతు మీద చెయ్యి ఉందా లేదా అన్నది చూసి చెప్పవచ్చు. ‘హింసాత్మకం’ అన్నది అలా కాదు, చూసేవాడు కొలవాలి. పైగా ఈ వాక్యం చేసిన పనినీ, దాని ఫలితాన్నీ ఒకే ముడి వేసింది. గాయమైతేనే హింసా? గాయం కాకపోతే హింస కాదా? కబడ్డీ నియమావళిలోని బలహీనమైన చోటు ఇదే. నలుగురు కలిసి రైడర్‌ను తలకిందులుగా ఎత్తి పడేసినా, అదృష్టం కొద్దీ అతను దులుపుకుని లేస్తే అంపైర్ చెయ్యి ఊపి ఆట సాగించడానికే అలవాటు పడతాడు. శుభ్రంగా చీలమండ పట్టిన డిఫెండర్ చేతిలో రైడర్ మోకాలు మెలిపడితే మాత్రం కార్డు కోసం గ్యాలరీ అంతా అరుస్తుంది.

పట్టుల్లో రకాలు, ప్రమాదాలు

చీలమండ పట్టు చూడడానికి మొరటుగా ఉంటుంది. డిఫెండర్ నేల మీదికి దూకి పాదం పట్టేస్తాడు, రైడర్ బోర్లా పడతాడు. అయినా ఆటలో అత్యంత శుద్ధమైన నైపుణ్యాల్లో అదొకటి. తెలుగు టైటాన్స్ తరఫున లెఫ్ట్ కార్నర్‌లో ఆడిన విశాల్ భరద్వాజ్, ప్రొ కబడ్డీ లీగ్‌లో ట్యాకిల్ పాయింట్ల పట్టికలో అగ్రస్థానానికి ఎదిగిన ఇరాన్ ఆటగాడు ఫజల్ అత్రాచలి పేరు తెచ్చుకున్నది ఈ పట్టుతోనే. ఇక్కడ గీటురాయి సులువైనది. పట్టి, తనవైపు లాగినంతవరకు ఆట. పట్టాక పాదాన్ని కీలుకు అడ్డంగా మెలిపెడితే అది ఆట కాదు. రైడర్‌ను ఆపడానికి మెలిక అక్కర్లేదు.

తొడ పట్టులో, వెనకనుంచి నడుం పట్టులో రైడర్ పాదాలు నేల వదిలే అవకాశం ఎక్కువ. ఎత్తడం దానంతటది తప్పు కాదు, కాలికి నేల అందకపోతే రైడర్‌కు బలం చిక్కదు. ఎత్తినవాణ్ణి ఎలా దించారన్నదే అసలు విషయం. భుజం మీదో, వీపు మీదో పడేలా అదుపులో దించడం వేరు, తల ముందు తగిలేలా వదిలేయడం వేరు. మట్టి కోర్టులో ఈ తేడా ప్రాణాంతకం కావచ్చు. రబ్బరు మ్యాట్ కొంత దెబ్బను మింగుతుంది, ఎండకు బిగిసిన నల్లరేగడి నేల మింగదు.

డాష్ సంగతి ఇంకో రకం. భుజంతో గుద్ది రైడర్‌ను గీత దాటించడం నేటి ప్రొఫెషనల్ ఆటలో మెచ్చుకోలు పొందే పట్టు. పాత నియమాల పుస్తకాల్లో మాత్రం ఎదుటివాణ్ణి కావాలని గీత బయటికి నెట్టడం తప్పు. ఊళ్లలో పెద్దతరం అంపైర్లకూ, టీవీలో లీగ్ చూసి పెరిగిన కుర్రాళ్లకూ మధ్య పేచీ వచ్చేది ఎక్కువగా దీని మీదే. ఆ తీర్పు చెప్పాలంటే ముందు తెలియాల్సింది ఆ పోటీలో ఏ నియమం అమల్లో ఉందన్నది.

చైన్ పట్టులో బాధ్యత పంచుకోవడం కష్టమవుతుంది. ఇద్దరు చేతులు కలిపి ఆపుతారు, మూడోవాడు నడుం పడతాడు, నాలుగోవాడు పైనుంచి దూకుతాడు. చివరికి రైడర్ గాయపడితే ఎవరి తప్పు? రైడర్ అప్పటికే నేల మీద కదలలేని స్థితిలో ఉంటే, ఆ తర్వాత వచ్చి పడినవాడి బరువు ఆటకు ఏ అవసరమూ తీర్చదు. అందరికన్నా ముందు లెక్క చెప్పాల్సింది అతనే.

రగ్బీ లీగ్ నేర్చుకున్నది

1895లో ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో పాత రగ్బీ నుంచి విడిపోయి పుట్టిన రగ్బీ లీగ్‌లో జట్టుకు 13 మంది. బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఆపడమే అక్కడా రక్షణ. ఆస్ట్రేలియా నేషనల్ రగ్బీ లీగ్‌లో రిఫరీ అక్కడికక్కడే ఆటగాణ్ణి పది నిమిషాలు బయట కూర్చోబెట్టవచ్చు, పూర్తిగా పంపవచ్చు, లేదా తీర్పు వాయిదా వేసి ‘రిపోర్టు’లో పెట్టవచ్చు. మ్యాచ్ అయ్యాక సమీక్షా సంఘం వీడియో చూసి అభియోగం మోపుతుంది, తప్పు తీవ్రతను బట్టి గ్రేడు వేస్తుంది. ఆటగాడు ఒప్పుకోకపోతే విచారణ జరుగుతుంది. కొన్ని తప్పుల్లో అజాగ్రత్త, తెగింపు, ఉద్దేశం అని మూడు మెట్లు విడదీస్తారు. పిడికిలి బిగించి కొట్టినవాడూ, చెయ్యి జారి మెడకు తగిలించినవాడూ ఒకే గాటన పడకుండా ఈ విభజన కాపాడుతుంది.

ఎత్తిపడేయడం గురించి ఆ ఆట రాసుకున్న నియమం ప్రత్యేకంగా చదవదగినది. తలగానీ మెడగానీ ముందు నేలకు తగిలే అవకాశం ఉన్న స్థితికి ఆటగాణ్ణి ఎత్తితే అది ప్రమాదకరమైన పట్టు. తగినంత జాగ్రత్త తీసుకున్నా ఆ స్థితిని తప్పించలేకపోయేవాళ్లమని పట్టినవాళ్లు చూపగలిగితేనే మినహాయింపు. గాయం ప్రసక్తి ఇందులో లేదు. తల నిజంగా తగిలిందా అన్న షరతూ లేదు. కబడ్డీ నియమంలోని లోటు ఏమిటో దీని పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

అంత స్పష్టమైన నియమం ఉన్నా తీర్పు సులువు కాదని 2014 మార్చి 24 నాటి మ్యాచ్ చూపింది. న్యూకాజిల్ నైట్స్ ఆటగాడు అలెక్స్ మెకినన్‌ను మెల్‌బోర్న్ స్టార్మ్ ఆటగాళ్లు ముగ్గురు పట్టి ఎత్తారు. అతని తల నేలకు తగిలి మెడ విరిగింది, ఆ తర్వాత చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు. ముగ్గురిలో అభియోగం పడింది జోర్డన్ మెక్‌లీన్ ఒక్కడి మీదే. విచారణలో ఏడు వారాల నిషేధం విధించారు. ఒక జీవితం అంతలా దెబ్బతిన్నాక ఏడు వారాలేనా అని కొందరు బాధపడ్డారు. అలాంటి పట్టులు వారం వారం జరుగుతూనే ఉన్నాయి, గాయం కాలేదు గనుక పట్టించుకోలేదు, ఇతనికి మాత్రం ఏడు వారాలు ఎందుకని మరికొందరు అడిగారు. పడేటప్పుడు మెకినన్ తల లోపలికి వంచడం కూడా గాయానికి కారణమన్న వాదన వచ్చింది. ఈ చివరి వాదన పట్టినవాళ్ల తప్పును తగ్గించదు. పడిపోతున్నవాడు తల కాపాడుకోవాలని చూడడం సహజం, ఎత్తేవాడు ఆ సంగతి ముందే ఎరిగి ఉండాలి. రెండో వాదనలో మాత్రం న్యాయం ఉంది. శిక్ష అన్యాయం కాదు. అలాంటి పట్టులను గాయం లేనప్పుడల్లా వదిలేస్తూ రావడమే అన్యాయం.

దీనికి ఎదురు ఉదాహరణ పాత రగ్బీ అయిన రగ్బీ యూనియన్‌లో ఉంది. 2011 ప్రపంచకప్ సెమీఫైనల్లో వేల్స్ కెప్టెన్ శామ్ వార్బర్టన్ ఫ్రాన్స్ ఆటగాణ్ణి ఎత్తి వదిలేస్తే రిఫరీ ఆలాన్ రోలాండ్ 18వ నిమిషంలోనే ఎర్రకార్డు చూపాడు. పడ్డవాడికి పెద్ద గాయం కాలేదు, వార్బర్టన్ దురుద్దేశంతో చేశాడని ఎవరూ అనలేదు. వేల్స్ ఒక్క పాయింటు తేడాతో ఓడింది. రోలాండ్ మీద ఎన్నో విమర్శలు కురిసినా ఆ తీర్పు సరైనదే. అతను పట్టును చూశాడు, ఫలితాన్ని కాదు.

కన్ను, కెమెరా, జనం

టీవీ అంపైర్ ఉన్న పోటీల్లో సమీక్ష కోరే హక్కు జట్లకు ఉంది. ఊరి పోటీల్లో కెమెరా అంటే గట్టున నిలబడ్డ కుర్రాడి ఫోనే. వీడియో వల్ల మేలెంత ఉందో కీడూ ఉంది. 2016లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఒకే సంఘటనను మామూలు వేగంలోనూ, నెమ్మదిగానూ వేర్వేరు మనుషులకు చూపింది. నెమ్మదిగా చూసినవాళ్లకు అది కావాలని చేసిన పనిగా ఎక్కువ తోచింది. వాళ్లకు చూపిన దృశ్యాల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ట్యాకిల్ ఒకటి. కంటి ముందు అర సెకను కూడా పట్టని పని తెర మీద ఐదు సెకన్లు సాగితే, చేసినవాడికి ఆలోచించుకునే వ్యవధి ఉందన్న భ్రమ కలుగుతుంది. చెయ్యి ఎక్కడ తగిలింది, తల ఏ కోణంలో పడింది అన్నవి నెమ్మది వీడియోలో చూడాలి. ఉద్దేశం ఉందా అన్నది అసలు వేగంలోనే చూడాలి.

నియమం తెలిసినవాళ్ల మధ్యే నియమం తేలకపోతే ఏమవుతుందో 2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల పురుషుల ఫైనల్ చూపింది. స్కోరు 28-28 వద్ద భారత కెప్టెన్ పవన్ సెహ్రావత్ పాయింటు తేక తప్పని ‘డూ ఆర్ డై’ రైడ్‌లో ఎవరినీ తాకకుండానే కోర్టు అంచున ఉండే లాబీలోకి వెళ్లాడు. ఆపబోయిన ఇరాన్ డిఫెండర్లూ వెంట వెళ్లారు. పాత నియమం ఒక లెక్క చెబుతుంది, కొత్త నియమం మరొకటి. తీర్పు ఇటూ అటూ మారింది, ఆట చాలాసేపు ఆగిపోయింది, చివరికి భారత్ 33-29తో స్వర్ణం గెలిచింది. అక్కడ వివాదం పాయింట్ల గురించి, పట్టు హింస గురించి కాదు. ఆసియా ఫైనల్లోనే అంత గందరగోళం జరిగితే, ఊళ్లో గెలిచే జట్టు మీద పందెం కాసినవాళ్ల మధ్య, విజిలు పట్టుకున్న వ్యాయామ ఉపాధ్యాయుడు ఒక్కడు పట్టు మంచిచెడ్డలు తేల్చి కార్డు చూపడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

కోర్టు గీత దాటి, న్యాయస్థానం దాకా

అరుదుగానే అయినా, పట్టు ప్రాణం తీసిన సందర్భాలున్నాయి. 2021 జనవరిలో కడప జిల్లాలో పట్టు నుంచి లేచిన ఒక యువ రైడర్ అక్కడే కుప్పకూలి చనిపోయాడు. 2022 జూలైలో తమిళనాడులోని పన్రుట్టి దగ్గర మరో యువకుడు కోర్టులోనే ప్రాణం విడిచాడు. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా ఛాతీకి సరిగ్గా ఒక క్షణంలో తగిలిన దెబ్బకు లయ తప్పగలదు. అలాంటి మరణం దెబ్బ తీవ్రత కన్నా, అది తగిలిన క్షణాన్ని బట్టే ఎక్కువగా సంభవిస్తుంది. కాబట్టి మరణం జరిగిందన్న ఒక్క కారణంతో పట్టినవాణ్ణి నేరస్థుడిగా చూడడం తగదు.

చట్టం ఈ విషయంలో మొదటి నుంచీ వివేకంగానే ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 87వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 25వ సెక్షన్ అయింది. 18 ఏళ్లు దాటిన వ్యక్తి సమ్మతించిన హాని, ప్రాణం తీయాలనో తీవ్రంగా గాయపరచాలనో ఉద్దేశం లేకుండా, అలా జరగవచ్చని తెలియకుండా చేసినదైతే నేరం కాదు. సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ కత్తిసాము ఆటది: ఇద్దరు సరదాగా ఆడుతున్నప్పుడు, మోసం లేని ఆటలో ఒకరికి దెబ్బ తగిలితే రెండోవాడు నేరం చేసినట్టు కాదు. ఇక్కడ కీలకం ‘మోసం లేని ఆట’. గొంతు నొక్కితే ఆ రక్షణ పోతుంది.

18 ఏళ్ల షరతును పోటీలు పెట్టేవాళ్లు గమనించాలి. స్కూలు జట్లలోనూ, 15 ఏళ్ల నుంచి ఆడనిచ్చే పోటీల్లోనూ ఈ సెక్షన్ సమ్మతి చాలామంది ఆటగాళ్లకు వర్తించదు. తగిన జాగ్రత్తతో చేసిన న్యాయమైన పనిలో అనుకోకుండా జరిగిన ప్రమాదం నేరం కాదన్న 18వ సెక్షన్ అప్పుడు ఆధారమవుతుంది. అందులో ‘తగిన జాగ్రత్త’ రుజువు కావాలి.

ఇంగ్లండ్ న్యాయస్థానాలు ఈ దారిలో చాలా దూరం నడిచాయి. 1878లో ఫుట్‌బాల్ ఆడుతూ ఒకరు మరణించిన బ్రాడ్‌షా కేసులో జడ్జి బ్రామ్‌వెల్, ఏ ఆట నియమమూ చట్టవిరుద్ధమైన పనిని చట్టబద్ధం చేయలేదని చెబుతూనే, నియమాల ప్రకారం ఆడుతున్నవాడికి దురుద్దేశం లేదనడానికి అది బలమైన సూచన అన్నాడు. నిందితుడు విడుదలయ్యాడు. 2004లో బార్న్స్ కేసులో అప్పీలు కోర్టు ఇంకో అడుగు వేసింది. ఆటలో తప్పు జరిగినంత మాత్రాన అది నేరం కాదు, ఆట పరిధిలోకి రానంత తీవ్రమైనదైతేనే పోలీసు కేసు తగును. మిగతాది ఆట సంఘాలే చూసుకోవాలి. చూసుకోవాలంటే ఆ సంఘాల దగ్గర నిలబడగల విచారణ పద్ధతి ఉండాలి.

తీర్పు ఎలా సాగాలి

ఇవన్నీ కలిపి చూస్తే, వివాదమైన ఏ పట్టునైనా ముందు అది పడిన చోటుతో మొదలుపెట్టి చూడాలి: అవయవమా, మొండెమా, మెడా, జుట్టా. తర్వాత రైడర్ అప్పటికి ఏ స్థితిలో ఉన్నాడు, నిలబడి గీతవైపు లాగుతున్నాడా, నేల మీద చిక్కుకుపోయాడా. ఆ స్థితిలో డిఫెండర్‌కు ఇంకో మార్గం ఉందా. మధ్యగీతకు వేలెడు దూరంలో ఉన్నవాణ్ణి ఒక్కడే ఆపుతున్నప్పుడు ఉండే మార్గాలు తక్కువ, ముగ్గురు పట్టి ఉంచినవాడి మీదికి దూకేవాడికి మార్గాలు ఎక్కువ. తల ముందు పడేలా ఎత్తడం, కీలు మెలిపెట్టడం, గొంతు నొక్కడం గాయంతో నిమిత్తం లేకుండా పసుపు కార్డుకు తక్కువ కాకూడదు. ఇందులో ఏదైనా విజిలు మోగాక కూడా కొనసాగితే ఎరుపే. గాయం తీవ్రత వైద్యుడికీ, బీమాకూ అవసరమైన సమాచారం, శిక్ష కొలవడానికి కాదు. పట్టినవాడి పాత పేరు, అతని జట్టు పేరు కోర్టులో తీర్పుకు అసలే పనికిరావు. ఒకే సీజన్‌లో అదే తప్పు మళ్లీ మళ్లీ చేసినవాడి విషయంలో మ్యాచ్ తర్వాత కూర్చునే సంఘం మాత్రం ఆ పాత తప్పులను లెక్కలోకి తీసుకోవచ్చు.

జాతీయ, రాష్ట్ర కబడ్డీ సంఘాలు నియమంలోని ‘గాయానికి దారితీసే’ అన్న మాటను తొలగించి, దాని స్థానంలో తల, మెడ, కీళ్ల పేర్లు చెప్పి నిషేధం రాయాలి. వచ్చే సంక్రాంతికి డెల్టాలో పోటీ పెట్టే ప్రతి ఊరి కమిటీ నిషిద్ధమైన పట్టుల జాబితాను తెలుగులో కోర్టు పక్కన అంటించాలి, మొదటి కూతకు ముందే రెండు జట్ల చేత చదివించాలి, 108 అంబులెన్సు మైదానంలోకి నేరుగా వచ్చేలా దారి ఖాళీగా ఉంచాలి.